అనంతపురము మెట్టపల్లెలలో పూర్వపు తిండి

అనంతపురము జిల్లాలో అరువది ఏండ్ల క్రిందట ఒక రైతు ఇంటికి భోజనవేళకు పోయినచో, ఆ ఇంటివారి పొలము ఎఱ్ఱనేలయో నల్లరేగడియో, బావి ఉన్నదో లేదో, ఆ యేడు వాన ముందు కురిసినదో వెనుక కురిసినదో పళ్ళెమును చూచియే చెప్పగలిగెడివారు. రాగిసంగటి కనిపించిన ఒక లెక్క. జొన్నరొట్టె కనిపించిన మరియొక లెక్క. మాఘమాసములో ఇంటిల్లిపాదియు ఉలవగుగ్గిళ్ళతో పూట గడుపుచున్నచో ఇంకొక లెక్క. నేడు అట్లు చెప్పుట ఎవరి తరమును కాదు. కల్యాణదుర్గములో తినునదియు కాకినాడలో తినునదియు ఇంచుమించు ఒకటే అయినది. మెట్టచేనికిని వంటింటికిని ఉండిన లంకె తెగినది.

పాతకాలపు రుచులను తలచుకొని నిట్టూర్చుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. ఆ తిండిలో కష్టమెంత ఉండెనో ఎరిగినవాడనే. నేను పుట్టినది కల్యాణదుర్గము ప్రక్కన ఎఱ్ఱనేల పల్లెలో; మా అవ్వగారి ఊరు తాడిపత్రి ప్రక్కన నల్లరేగడిలో. రెండు ఊళ్ళ కూడును బాల్యమున తిని పెరిగినాను. రుచి సంగతి అట్లుండనిండు. ఆ తిండి వెనుక, వాన తప్పిన యేడు కూడ ఇంటికి ఏదో ఒక గింజ చేరునట్లు వేసిన లెక్క ఒకటి ఉండెను. అది ఎట్టిదో, ఎందుకు చెదరినదో, అందు నేటి రైతునకు పనికివచ్చునది ఎంత గలదో చూతము. 2022 ఏప్రిల్ నెలలో ఈ జిల్లా రెండుగా చీలి, పుట్టపర్తి ముఖ్యస్థానముగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. ఇక్కడ అనంతపురమన్నచోట రెండును కలిసియుండిన పాత జిల్లాయని పాఠకులు గ్రహింపగోరుచున్నాను.

నేలను బట్టి గింజ

జిల్లా సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి ఇంత దూరము వచ్చుసరికి బలము తగ్గును. రెంటికి చెడ్డ రేవడ అనుట ఈ సీమకు చక్కగా అతుకును. పైగా కురియు వాన యైనను సమముగా కురియదు. నలువది దినములు చినుకు లేక, ఆ పిమ్మట ఒక్క రాత్రిలో వంకలు పొంగించి పోవుట ఇచ్చట క్రొత్త కాదు. నేలలో ఎక్కువ భాగము లోతులేని ఎఱ్ఱగరప. తాడిపత్రి, గుంతకల్లు, ఉరవకొండ వైపుల నల్లరేగడి కలదు.

దక్షిణమున హిందూపురము, మడకశిర, పెనుకొండ ప్రాంతములలో రాగి ముఖ్యమైన తిండిగింజ. ఉత్తరమున జొన్న, కొఱ్ఱ. నడుమనున్న మావంటి ఊళ్ళలో ఈ మూడును, వానితోబాటు సజ్జ, సామ, ఆరిక కూడ కొద్దికొద్దిగా పండెడివి. బుక్కరాయసముద్రము, శింగనమల, ధర్మవరము, బుక్కపట్టణము చెరువుల క్రింద వరి ఉండెను గాని, ఆ వరి ఆ ఆయకట్టువారికిని పట్టణములకును చెల్లిపోయెడిది. మెట్టపల్లెవానికి వరి అన్నము పండుగనాడో చుట్టము వచ్చిననాడో కనిపించెడిది. 'వరన్నము' అని ప్రత్యేకముగా పేరుపెట్టి పిలుచుటలోనే అది దినదినము తిను కూడు కాదని తెలియుచున్నది.

జ్యేష్ఠ, ఆషాఢములలో పదును కాగానే గొఱ్ఱు కట్టెడివారు. ఒక చేనిలో ఒకే విత్తనము వేయుట అరుదు. కొన్ని సాళ్ళు కొఱ్ఱ, నడుమ ఒక సాలు కంది, జొన్నలో అలసంద, పెసర, రాగిలో అనుములు, గట్టు వెంట ఆముదము, గోగు. మడకశిర, హిందూపురము వైపున, మైసూరు సీమలో వలెనే, ఈ నడుమ సాళ్ళను అక్కడి సాళ్ళందురు. నల్లరేగడిలో పత్తితో కొఱ్ఱను కలిపి విత్తు ఆచారము మిక్కిలి పాతది.

చూచువారికి ఇది కలగాపులగముగా తోచును. కాని ప్రతి గింజకును ఒక వేళ ఉన్నది. కొఱ్ఱ 80, 90 దినములలో చేతికి వచ్చును. పాత గింజ అడుగంటు వేళకు ఇంటికి చేరునది అదే. కార్తిక, మార్గశిరములలో జొన్న, రాగి వచ్చును. మంచు పడు దినములలో అనపకాయ కాచును. ఆ పిమ్మట కంది. ఇక తొలకరియే తప్పి చేను బీడుపడినచో, భాద్రపదములో ఒక్క పదును దొరికిన చాలు, ఉలవ చల్లెడివారు. మంచుకే పండు పైరని ఉలవకు పేరు. ఆ యేడు మనిషికిని ఎద్దుకును అదియే ఆధారము. అందుచేతనే, మాఘమాసములో పళ్ళెమునిండ ఉలవలే కనిపించిన ఇంట ముందువాన తప్పినదని తెలిసికొనవచ్చునంటిని. పాత అడంగళ్ళు చూచిన గ్రామాధికారులకు ఈ సంగతి తెలిసియే యుండును. ఒక సర్వే నెంబరునకు ఎదురుగా రెండు, మూడు పైర్ల పేర్లు వ్రాసియుండెడివి.

పొద్దును బట్టి కూడు

గడియారము లేని ఆ దినములలో పొద్దునకు కూడే గుర్తు. ఉదయము ఎనిమిది, తొమ్మిది గంటల వేళను 'సద్దిపొద్దు' అనెడివారు. మడక కట్టువాడు తెల్లవారకమునుపే చేనికి పోవును. ఇంటి ఆడవారు సద్ది గంపలో పెట్టుకొని వెనుక వచ్చెదరు. సద్ది యనగా రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలోనో నీళ్ళలోనో వేసి ఉంచినది. తెల్లవారుసరికి కొంచెము పులిసి చల్లగా ఉండును. దానికి ఒక ఎఱ్ఱగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు, ఉన్ననాడు ఊరుబిండి. గట్టుమీద వేపచెట్టు నీడను కూర్చుండి త్రాగవలసినది త్రాగి, నమలవలసినది నమలి మరల మేడి పట్టెడివారు.

పెద్దకూడు రెండు పూటలు: మధ్యాహ్నమొకటి, రాత్రి యొకటి. మా ఇంట రెండు పూటలును సంగటియే. దానిని వండు విధము తెలియని ఇల్లాండ్రు నేడు పెక్కుమంది కలరు గనుక చెప్పుచున్నాను. మట్టికుండలో నీళ్ళు కాగిన తరువాత, గుప్పెడు నూకలో కొఱ్ఱబియ్యమో వేసి మెత్తగా ఉడికింతురు. దానిమీద రాగిపిండిని కుప్పగా పోసి, కలుపక, నడుమ కట్టెతో ఒక బొక్క చేసి మూత పెట్టుదురు. ఆ బొక్కనుండి ఆవిరి పైకి వచ్చి పిండి అంతయు మ్రగ్గును. అప్పుడు కుండను దించి, పాదములతో అదిమిపట్టి, సంగటికట్టెతో బలముకొలది కెలుకుదురు. పిండి ఉండకట్టినచో ఆ ఇంటి కోడలికి అత్తచేత మాట తప్పదు. చేయి తడి చేసికొని ముద్దలు కట్టవలెను. సంగటిని నమలరాదు, పులుసులో అద్ది మ్రింగవలెను. క్రొత్తవారు నమలబోయి అవస్థపడుట చూచి పిల్లలము నవ్వెడివారము.

మా జేజికి వరియన్నముపై నమ్మకము లేదు. "వరన్నం తిన్నోడు రెండు కొండ్రలు దున్నకముందే గట్టుదిక్కు జూస్తాడు రా అబ్బయా!" అనెడిది. ఆమె స్వయముగా వరన్నము దొరికిననాడు రెండుమారులు పెట్టించుకొనుట నేనెరుగుదును. అది వేరు విషయము.

నల్లరేగడి ఊళ్ళలో జొన్నరొట్టె. వేడినీళ్ళతో పిండి కలిపి, చేతితో తట్టి, పెంకమీద కాల్చి, నిప్పులప్రక్క నిలబెట్టి పెళుసుగా చేసిన రొట్టె రెండు, మూడు దినములు నిలువ ఉండును. బండ్లు కట్టుకొని బళ్ళారికి, ఆదోనికి పోవువారు గుడ్డలో మూటకట్టుకొని పోయెడివారు. జొన్నలు పాలుపట్టిన దినములలో కంకులు కాల్చి నలిపిన ఊచబియ్యము పిల్లలకు పండుగ.

ఇక సంగటిలోనికి ఏమి అన్నచో, కందిపప్పు ప్రతిదినము ఉండెడిది కాదు. ఉలవకట్టు ఎక్కువ. ఉలవలు ఉడికించి వార్చిన నీటిని చింతపండు, ఎఱ్ఱకారము వేసి కాచి, ఉడికిన ఉలవలలో కొన్ని గుగ్గిళ్ళుగా ఇంటివారికి, తక్కినవి దుక్కిటెద్దులకు పెట్టెడివారు. ఒకే కుండలో మనిషికిని పశువునకును ఉడికినదన్నమాట. పుష్యమాసములో అనపగింజలను నానవేసి పితికిన పప్పుతో చేసిన పులుసునకు సాటి లేదని నా అభిప్రాయము.

అన్నిటికంటె ఎక్కువగా తినబడినది ఆకు. వానలు పడిన పదునైదు దినములకు చేలలో మొలచు గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు, తుమ్మికూర, గంగపాయలాకు, అటికమామిడి - వీనిని కలుపుతీయు ఆడవారు ఒడిలో వేసికొని వచ్చెడివారు. నాలుగైదు ఆకులు కలిపి, చింతపండు, పచ్చిమిరపకాయలు వేసి ఉడికించి ఎనిపినది పులగూర. దీనికి ఖర్చు లేదు. మనము నేడు మందు కొట్టి చంపు కలుపులో సగము ఆనాటి కూరయని చెప్పిన అతిశయోక్తి కాదు. ఎండకాలమున ఆకు దొరకదు. అప్పుడు చింతచిగురు, మునగాకు, ఎండబెట్టిన గోగాకు.

నూనె మిక్కిలి తక్కువ. నువ్వులనూనె, కుసుమనూనె తిరగమోతకు మాత్రమే. పాడి ఉన్న ఇంట మజ్జిగకు లోటు లేదు. పాడి లేనివారు ముంత పట్టుకొని వచ్చిన పోయవలసినదే. మజ్జిగను అమ్ముట తప్పుగా ఎంచెడివారు. మాంసము జాతరలకు, పీర్లపండుగకు, అల్లుడు వచ్చిననాడు. ఉగాదికి ఓళిగలు, నాగులచవితికి చలిమిడి, చిమ్మిలి.

అందరి పళ్ళెమును ఒకటి కాదు. ఇంటి జీతగానికి ముద్ద పెట్టెడివారు గాని, పప్పు అడుగుకు వచ్చిన తరువాత పెట్టెడివారు. మగవారు, పిల్లలు తినిన పిమ్మట ఆడవారు తినెడివారు. చాలిన చాలినట్లు, లేనిచో ఊరుబిండి అద్దుకొని సరి. కరువు యేడు ఎవరి కడుపున మొదట మాడినదో దీనిని బట్టి ఊహించుకొనవచ్చును.

రోలు, పాతర

కొఱ్ఱను పొట్టు తీయుట వడ్లను దంచుటకంటె కష్టము. గింజ చిన్నది, పొట్టు గట్టిది. తొలికోడి కూయకమునుపే రోకటిపోటు వినబడెడిది. విసురురాతిమీద ఒకమారు, రోటిలో ఒకమారు, చేటతో చెరుగుట మూడుమారులు. వంద కిలోల కొఱ్ఱలకు 60 నుండి 65 కిలోలు బియ్యము దిగును. ఇది యంతయు పొలముపనికి పోవునట్టి ఆడవారే, పొలముపనికి ముందు, చేసికొనవలెను. చిరుధాన్యములు ఎందుకు పోయినవని సభలలో అడుగుదురు. మా అమ్మను అడిగియున్నచో ఆమె తన అరచేతులు చూపియుండెడిది. ఊరికి మర వచ్చి, అది వడ్లనే ఆడించి కొఱ్ఱలను ఆడింపజాలనిదైనప్పుడే సగము వ్యవహారము తేలిపోయినది.

గింజను దాచుటలోను నేర్పు ఉండెను. అవ్వగారి ఊరిలో పాతరలు ఉండెడివి. గట్టినేల చూచి, మనిషి దిగునంత గొయ్యి త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పి మెత్తెడివారు. లోపల గాలి ఆడదు గనుక పురుగు బ్రతుకదు. కాని పాతర తీసిన వెంటనే లోనికి దిగరాదు. గింజ విడిచిన బొగ్గుపులుసు గాలి అడుగున నిలిచియుండును. దిగినవాడు స్పృహతప్పి పడును. మూత తీసి చాల సేపు గాలి పట్టనిచ్చి, దీపమును త్రాటితో దించి, ఆరిపోకున్నచో మనిషిని దింపెడివారు. నేటికిని ఏ ఊరనైనను పాత పాతరయో, మూసియుంచిన పాడుబావియో తెరచువారు ఈ జాగ్రత్త మరువరాదు. పైగా దీపము ఆరకున్నంత మాత్రమున ఆ గాలి సురక్షితమని నమ్మరాదు. నడుమునకు త్రాడు కట్టి, పైన ఇద్దరు మనుష్యులు లేనిదే దిగరాదు.

పండిన గింజ అంతయు ఇంటికి చేరెడిది కాదు. కళ్ళములోనే వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి మొదలగు ఆయగాండ్లకు మేర కొలిచెడివారు, కోతకూలియు గింజయే. రైతు ఇంట ఏమి వండుదురో కూలి ఇంటను అదే వండుదురు. కొలత మాత్రమే తక్కువ.

కరువునాటి కూడు

ఇంత లెక్క వేసినను కరువులు తప్పినవి కావు. 1876-78 నాటి మహాక్షామమును ధాతనామ సంవత్సరమున ఆరంభమైనది గనుక ధాత కరువందురు. అప్పటికి అనంతపురము ప్రత్యేక జిల్లా కాదు. బళ్ళారి జిల్లాలో భాగము. 1882 లో విడివడినది. ఒక యేడు వాన తప్పిన పాతర కాచును. వెంటవెంటనే తప్పిన ఏ పాతరయు కాయలేదు. కరువుపని చేయు పురుషునకు రోజునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల గింజ, దానితో స్వల్పముగా డబ్బు చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ 1877 లో కూలిని తగ్గించెను. రాళ్ళు కొట్టువాడు ఆ కొలతతో బ్రతుకజాలడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. ఆ యేడే కూలిని మరల పెంచవలసివచ్చెను.

ఆ కరువు కథలను మా జేజి తన అత్తవలన విన్నది. చింతగింజలను వేయించి, పై పొట్టు తీసి, దంచి పిండిచేసి అంబలి కాచిరట. నాగజెముడు పండ్లు, తుంగగడ్డలు తినిరట. బలుసాకు సంగతి చెప్పనే అక్కరలేదు. బ్రతికియుంటే బలుసాకు తినవచ్చునను మాట మన భాషలో ఊరకే నిలువలేదు. 1952 లో రాయలసీమ కరువునందు ప్రభుత్వము గంజికేంద్రములు తెరచినది. ముంతలతో వరుసలు తీరిన జనమును మా నాయన చూచెను.

చెనిక్కాయ వచ్చిన తరువాత

వేరుసెనగను మా వైపున చెనిక్కాయ అందుము. మొదట అదియు నడుమ సాలుగానే చేనిలోనికి వచ్చెను. నూనెమరలు పెరిగి, చేతికి రొక్కము ఆడసాగిన పిమ్మట చేనినంతటిని ఆక్రమించెను. తిండివనములో 1940 లో విడుదలయిన టి.ఎం.వి.-2 రకము ఎఱ్ఱనేలలకు ఎంతగా కుదిరినదనగా, కొన్ని దశాబ్దములపాటు మా రైతులకు విత్తనమనిన అదియే. 20వ శతాబ్ది చివరకు జిల్లా సాగుభూమిలో సగముకంటె చాల ఎక్కువ వేరుసెనగయే అయ్యెను. దీనిని తప్పుపట్టుట సులభము. కాని పిల్లలను చదివించినది, పెంకుటిండ్లు లేపినది, బావులు త్రవ్వించినది ఆ చెనిక్కాయయే. బెట్టకు అంతగా ఓర్చి, రొక్కము తెచ్చు మరియొక పైరును మనము అప్పటికి రైతు చేతిలో పెట్టలేదు.

ఒక్క పైరును నమ్ముటలోని అపాయము మరియొక దేశపు కథవలన చక్కగా తెలియును. ఐరోపాకు పడమట అయిర్లండు అను ద్వీపము కలదు. మన సీమకు వానకరువు, వారికి వానవిసుగు. అచటి పల్లెవారు పూర్వము ఓట్లు, బార్లీ గింజల రొట్టె, అంబలి, పాలు, వెన్న, మజ్జిగలతో జీవించెడివారు. బంగాళాదుంప వచ్చి, కొద్దిపాటి నేలలో కుటుంబమునకంతటికి తిండి పెట్టుటచే, 19వ శతాబ్ది నడిమికి జనములో దాదాపు మూడవవంతు దానినే నమ్ముకొనిరి. శ్రమజీవి యగు పురుషుడు రోజునకు 5 కిలోలకు పైగా దుంపలు ఉడికించి, ఉప్పు, మజ్జిగతో తినెడివాడు. మజ్జిగతో తిను అలవాటు చూచిన మనవారేమో అనిపించును. ఎక్కువమంది నాటినది ఒక్కటే రకము. 1845 లో మాడుతెగులు సోకి దుంపలు నేలలోనే కుళ్ళినవి. 1849 వరకు సాగిన ఆ కరువులో సుమారు పది లక్షలమంది మరణించిరి. ఇంచుమించు అంతమందియే ఓడలెక్కి దేశము విడిచిరి.

మనకు అట్టి తెగులు 2000 ఖరీఫులో వచ్చినది. వయ్యారిభామ కలుపుమొక్క పుప్పొడితోబాటు తామరపురుగుల మూలమున వ్యాపించు కాండము కుళ్ళు వైరసు తెగులు, అనంతపురములో రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుసెనగను దెబ్బతీసినది. అయిర్లండులో వలె జనము ఆకలితో చావలేదు. ఏల యనగా మనము చెనిక్కాయను తినుటలేదు, అమ్ముచున్నాము. తినునది చౌకదుకాణపు బియ్యము. చచ్చినది పైరు, మిగిలినది అప్పు. బెంగుళూరు బస్సులు నిండినవి.

ఆ చౌకబియ్యమును నిందించువారితో నేను ఏకీభవింపను. 1983 లో రాష్ట్రప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము ప్రారంభించిన తరువాత, కూలి ఇంటను రెండు పూటలు పొయ్యి వెలిగినది. గంజికేంద్రము ముందు ముంత పట్టుకొని నిలిచినవారి మనుమలు దానిని ఎన్నడును తేలికగా మాటలాడరు. ఆడవారికి రోకటిపోటు తప్పినది. అయితే చౌకగా దొరకు బియ్యము ఇంటికి వచ్చుచుండగా కొఱ్ఱ ఎవరు విత్తుదురు? విత్తనపు గింజయే ఊళ్ళలో కనబడకపోయినది.

పళ్ళెములో పోయినదేమి?

జాతీయ పోషకాహారసంస్థవారి పట్టికలను బట్టి, 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నము ఉండును. పాలిషు పట్టిన బియ్యములో అది 10 మిల్లీగ్రాముల ప్రాంతము. కొఱ్ఱబియ్యములో మాంసకృత్తులు సుమారు 12 గ్రాములు, వరిబియ్యములో 7 గ్రాముల చిల్లర, ఉలవలలో 22. పాలు కొనలేని ఇంట ఎముకబలము ఎక్కడినుండి వచ్చినదో, పప్పు లేని ఇంట కండ ఎక్కడినుండి వచ్చినదో ఈ అంకెలు చెప్పుచున్నవి.

కాని పాతతిండి అమృతమని చెప్పుట సత్యము కాదు. జొన్నయే తిని, పప్పు, ఆకు, పాలు దొరకని బీదకూలీలకు మెడమీదను చేతులమీదను చర్మము నల్లబడి పగులు పెల్లాగ్రా వ్యాధి దక్కనులో కనిపించెడిది. హైదరాబాదులో దీనిని పరిశోధించిన డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకాంతియా జొన్నలో ఎక్కువగా నుండు లూసిన్ అను పదార్థమునకు దీనితో సంబంధము కలదని 1960 లో ప్రకటించిరి. అనగా జొన్నకు ప్రక్కన అలసంద సాలు, కలుపులో గురుగాకు ఉన్నంతవరకే ఆ తిండి తిండి. నడుమసాలు తీసివేసి జొన్నను మాత్రము మిగుల్చుకొన్నచో అదియు ఒంటిపైరే.

ఇంటిమట్టుకు ఒక లెక్క

2023 ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. దానికి ముందునుండియే పట్టణములలో కొఱ్ఱబియ్యము వరిబియ్యముకంటె ప్రియమైనది. అనంతపురపు హోటళ్ళలో నాటుకోడి పులుసుతో రాగిసంగటి తినుట నేడు గొప్ప. ధర చూచి విత్తవలెనని నేను చెప్పను; ధర నేడున్నట్లు రేపుండదు. ఇంటిమట్టుకు లెక్క చూతము.

అయిదుగురున్న కుటుంబమునకు రోజునకు రెండు కిలోల తిండిగింజ అనుకొన్నచో ఏడాదికి 730 కిలోలు. అందులో సగము చౌకబియ్యము పోగా, తక్కిన సగము, అనగా 365 కిలోల కొఱ్ఱబియ్యము కావలెనన్న, పొట్టు తరుగు కలుపుకొని ఆరు క్వింటాళ్ళ లోపు కొఱ్ఱలు చాలును. ఒక మోస్తరు యేట ఒక యెకరము మెట్ట దీనిని ఇంచుమించుగా ఇచ్చును. చెడ్డయేట సగమిచ్చినను అది ఇంటికే మిగులును. ఎకరమునకు విత్తనము 2 కిలోలు. అదే ఎకరమునకు వేరుసెనగ అయినచో 50 కిలోలకు తక్కువ కాకుండ పప్పు కొనవలెను. వాన తప్పిన ఆ పప్పు అప్పు రెండును మట్టిలో కలియును. నంద్యాల పరిశోధనా స్థానమునుండి వచ్చిన సూర్యనంది వంటి కొఱ్ఱ రకములు త్వరగా పండునవి కలవు. కొఱ్ఱలో ఐదు సాళ్ళకు ఒక సాలు కంది వేసికొన్నచో పప్పును బయట కొననక్కరలేదు. వేరుసెనగను పూర్తిగా వదలుమని ఎవరును చెప్పజాలరు. ఐదెకరములున్నవాడు నాలుగెకరములలో దానిని వేసికొనవచ్చును.

ఇక మిగిలినది రోటి సంగతి. పొట్టు తీయు చిన్న యంత్రములు ఇప్పుడు దొరకుచున్నవి. ఊరికి ఒకటి, లేక రెండు మూడు ఊళ్ళకు ఒకటి, మహిళాసంఘములవారు పెట్టుకొన్నచోట కొఱ్ఱసాగు నిలిచినది. లేనిచోట గింజను బస్తాలలో అమ్మివేసి బియ్యము కొనుచున్నారు. మా ఊరిలో మొన్నటి యేడు ఏడెనిమిది ఇండ్లవారు ఇంటిమట్టుకు కొఱ్ఱ వేసిరి. ఆడించుటకు ప్రక్క ఊరి మరకు పోవలెను. ఆ మరవాడు శుక్రవారము మాత్రమే జల్లెడ మార్చి కొఱ్ఱలు పట్టును. తక్కిన దినములలో మిరపకాయలు, బియ్యపుపిండి. శుక్రవారమునాడు బస్తా వేసికొని పోయి, చీకటి పడినవరకు వరుసలో కూర్చుండి వచ్చిన మా కోడలు, రెండు మోటారులు పెట్టుమని వానితో గట్టిగానే చెప్పి వచ్చినది. యాభై బస్తాలు వచ్చునని మాట ఇచ్చిన పెట్టుదునన్నాడట. ఇప్పటికి ముప్పది రెండు తేలినవి.